గురుస్వామి గడ్డం

సేఫ్టీ ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఏ సర్టిఫికెట్‌కి విలువ ఎక్కువ, కువైట్ మంచిదా ఖతర్ మంచిదా అని. నాకు తెలిసింది చెబుతాను. ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏమిటని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. గ్యాస్ కొలవడం కాదు, ఎత్తులెక్కడం కాదు, మేనేజర్ల చేత చీవాట్లు తినడం అంతకన్నా కాదు. మనం మనసారా గౌరవించే మనిషి ఎదురుగా నిలబడి 'కుదరదు' అనడం. ఇరవై ఆరేళ్ళలో ఆ మాట నేను వేల మందితో అన్నాను. ఒక్కరితో మాత్రం, అనాల్సిన రోజున, అనలేకపోయాను. రిటైరై తీరిగ్గా కూర్చుంటే, ఆ వేల మందిలో ఎవరూ గుర్తురారు, ఆయనే గుర్తొస్తారు.

అప్పట్లో మా కంపెనీ కువైట్‌లోని షుఐబాలో ఒక ప్లాంట్‌కి కాంట్రాక్టు పనులు చేసేది. నేను సేఫ్టీ ఆఫీసర్ని. ఆయన స్కఫోల్డింగ్ మేస్త్రీ. అంటే పైపులూ పలకలూ బిగించి, మిగతావాళ్ళు ఎక్కి పనిచేసుకోవడానికి మంచెలు కట్టే మనిషి. మాది కోనసీమ, ఆయనది అన్నమయ్య జిల్లా. యాభై దాటిన సన్నటి మనిషి, మాట తక్కువ. సైట్‌లో ఆయన నన్ను 'సార్' అనేవారు, నేను ఆయన్ని 'మేస్త్రీ' అనేవాణ్ణి. కార్తీకం వచ్చాక, సాయంత్రం క్యాంపులో ఈ వరస తలకిందులయ్యేది. అక్కడ ఆయన గురుస్వామి. పద్దెనిమిదిసార్లు శబరిమల కొండెక్కినవారు. నేను కన్నెస్వామిని, మొదటిసారి మాల వేసుకున్నవాణ్ణి.

మా ఆవిడకి ఆ ఏడాది ఆపరేషన్ గట్టెక్కితే మాల వేస్తానని మొక్కుకున్నాను. గట్టెక్కింది. ఆయనే నా మెళ్ళో మాల వేశారు. ఆ రోజు నుంచి తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చెయ్యడం, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టడం, ఆ తర్వాత డ్యూటీ బస్సెక్కి, ఆయన హెల్మెట్ పట్టీ సరిగ్గా పెట్టుకున్నారో లేదో చూడడం. ఇందులో నాకేమీ తేడాగా అనిపించలేదు. అనిపించి ఉంటే బాగుండేది.

మా పూజ గది క్యాంపు కింది అంతస్తులో వెనక మూలనున్న స్టోర్ గది. కిటికీ లేదు. పొడుగ్గా, ఇరుకుగా ఉండేది. గురుస్వామి పాత స్కఫోల్డింగ్ పలకలు తెచ్చి రెండు గోడల వెంబడీ రెండు బల్లలు కట్టారు. ఆ చివర పీఠం, పటం, దీపం. క్యాంప్ బాస్ ఒక ఈజిప్షియన్. తాళం మా చేతికిచ్చి, లోపల ఏం చేస్తారని ఏనాడూ అడగలేదు. చప్పుడు మాత్రం వద్దన్నాడు. అందుకని మా శరణుఘోష గొంతులోనే ఉండేది. పాతికమంది గొంతు తగ్గించి పాడితే ఎంత బాగుంటుందో నాకు అక్కడే తెలిసింది.

ఆ బల్లల మీద ఎవరెక్కడ కూర్చోవాలన్నది ఎన్నిసార్లు మాల వేశారన్నదాన్ని బట్టి. పీఠం పక్కన గురుస్వామి. ఆయన పక్కన ఏడోసారి వేసిన క్యాంపు వంటస్వామి. ఆ తర్వాత సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్‌గా చేసే స్వామి. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, బజారుకి వెళ్ళని సాయంత్రాల్లోనే ఆయనకి వీలయ్యేది. మా ప్రాజెక్ట్ మేనేజర్ అంత పెద్ద మనిషికి మూడో మాల కనుక బల్లకి సగంలో చోటు. నేను తలుపు దగ్గర, గిన్నెల పక్కన. భిక్ష అయ్యాక గిన్నెలు తోమడం నా వంతు. సైట్‌లో నా కేకకి క్రేన్లు ఆగేవి. ఇక్కడ వంటస్వామి, 'అడుగు ఇంకా జిడ్డుగా ఉంది స్వామీ' అని గిన్నె తిరిగి నా చేతికిచ్చేవాడు.

దీక్షలో చెప్పులు వేసుకోకూడదు. ప్లాంట్‌లో సేఫ్టీ బూట్లు లేకుండా గేటు దాటనివ్వరు. ఈ ధర్మసందేహం మొదటి రోజే గురుస్వామి ముందు పెట్టాం. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బూట్లు పనిముట్లు స్వామీ, చెప్పులు గాదు. సుత్తి ఎట్లనో అదీ అట్లనే. గేట్లో ఏసుకోండి, బస్సులో ఇప్పండి" అన్నారు. అంత తేలికైన మనిషి ఆయన. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

గడ్డం గురించి మాత్రం ఎవరూ అడగలేదు. దీక్ష ముగిసేదాకా గడ్డం గియ్యకూడదని అందరికీ తెలుసు. విషవాయువు ఉండే చోటికి వెళ్ళేవాడికి గడ్డం ఉండకూడదని కూడా మా అందరికీ తెలుసు. గాలి మాస్క్ ముఖానికి అతుక్కోవాలి. మధ్యలో నాలుగు వెంట్రుకలున్నా సందులోంచి గ్యాస్ లోపలికి వస్తుంది. ప్రతి ఏటా గురుస్వామి దీక్షరోజుల్లో తానే ఫోర్‌మన్‌కి చెప్పుకుని మాస్క్ అక్కర్లేని పనికి మారేవారు. కనుక ఆ రెండు నియమాలూ ఎప్పుడూ ఎదురుపడలేదు.

ఆ రోజుల్లోనే యంత్రాల తనిఖీకి ఒక ఇటలీ పెద్దాయన వచ్చాడు. శాకాహారం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఒక సాయంత్రం మా గదికి భిక్షకి పిలిచాను. తలుపు దగ్గర బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టి, అలాగే నిలబడిపోయాడు. రెండు బల్లలనీ, చివరనున్న దీపాన్నీ చాలాసేపు చూశాడు. నా పక్కన కూర్చుని పులిహోర తింటూ, తమ ఊళ్ళో చర్చి కింద తవ్వితే అచ్చం ఇలాంటి గది బయటపడిందని చెప్పాడు. చిన్నప్పుడు రోజూ వెళ్ళి చూసేవాడట. కిటికీ లేని గది, రెండు వైపులా రాతి బల్లలు, చివర మిత్రాస్ అనే దేవుడు. రోమన్ల కాలం నాటిది. సైనికులు, సుంకం వసూలు చేసే గుమాస్తాలు, వర్తకులు, బానిసలు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు, అందరూ ఆ బల్లల మీద పక్కపక్కనే కూర్చుని తినేవారట. అంతా మగవాళ్ళే. ఏడు మెట్లుండేవట. మొదటి మెట్టువాణ్ణి కాకి అనేవారు, చివరి మెట్టువాణ్ణి తండ్రి అనేవారు. తాము కుడిచెయ్యి కలిపినవాళ్ళమని చెప్పుకునేవారట.

నేను ఒక్కో ముక్కా తెలుగులో చెబుతుంటే స్వాములందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. పేరు వినగానే గురుస్వామి, "మిత్రుడంటే మన సూర్యభగవానుడే గదా" అని పటం వైపు తిరిగి దణ్ణం పెట్టారు. ఆ దేవుడు ఎద్దుని బలి ఇస్తున్నట్టు బొమ్మ ఉంటుందని కూడా ఇటలీ ఆయన చెప్పాడు. ఆ వాక్యం మాత్రం నేను తర్జుమా చెయ్యలేదు.

మొదటి మెట్టు కాకి అనగానే అందరూ నావైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళలో ఒక బానిస తండ్రి మెట్టుకి చేరితే సైనికాధికారి అతని ముందు వంగేవాడా అని ఆయన్ని అడిగాను. వంగేవాడన్నాడు. గది బయటికి వచ్చాక? ఆయన భుజాలెగరేసి, బయట బానిస బానిసేనన్నాడు. లోపల ఏం మాట్లాడుకునేవారో ఒక్క ముక్క కూడా రాసిపెట్టుకోలేదని, అది మాత్రం ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదని చెప్పాడు.

అది జరిగిన అయిదో రోజు. ప్లాంట్ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని జోరు మీదుంది. పొద్దున ఏడున్నరకి ఫోర్‌మన్ పరుగున వచ్చాడు. గ్యాస్ లైన్ పక్కన మంచె మీద పైపుల్ని పట్టి ఉంచే ఒక క్లాంప్ జరపాలి, అది జరిపితే గానీ ఫిట్టర్లు పని మొదలుపెట్టలేరు. వెళ్ళాల్సిన మనిషికి జ్వరం. ఆ మంచె కట్టింది మేస్త్రీ కనుక ఆయనైతే పది నిమిషాల పని. తోడుగా ఒక నేపాలీ వెళతాడు. యల్లా యల్లా అని తొందరపెట్టేశాడు.

ఆయన మాస్క్ పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. పదిహేడు రోజుల గడ్డం, సగం తెలుపు. కవరాల్ కాలర్ కింద మాల అంచు కనబడుతోంది. రెండు గంటల కిందటే ఆయన పాదాల దగ్గర తల ఆనించి లేచాను. నా చేతిలో ఫారం ఉంది. అందులో ఒక గడి, ముఖం నున్నగా గీసుకుని ఉందా అని.

ఆయన నావైపు చూశారు. నేను ఆయనవైపు చూశాను. చెప్పాల్సింది ఒక్క మాట. ఆ ముఖం చూస్తూ, గడ్డం గీసుకురండి అనీ, మీరు పనికిరారు అనీ ఎలా అనడం? దానికి బదులు ఒక తెలివైన పని చేశాననుకున్నాను. ఆయన మాస్క్ పట్టీలు నా చేత్తోనే మామూలు కన్నా రెండు గళ్ళు గట్టిగా లాగి బిగించాను. "సరిగ్గా ఉందా గురుస్వామీ" అన్నాను. సైట్‌లో ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి. మాస్క్ లోపలి నుంచే తలాడించారు. నేను గడిలో టిక్ పెట్టాను.

ఆరు నిమిషాలు. క్లాంప్ విప్పుతుండగా లైన్‌లో ఎక్కడో మిగిలిన గ్యాస్ బయటికొచ్చి, ఇద్దరి మెడల దగ్గర గ్యాస్ మీటర్లూ ఒకేసారి మోగాయి. నేపాలీ మాస్క్ గ్యాస్‌ని ఆపింది. గురుస్వామి మాస్క్ ఆపలేదు. పైన ఆయన మోకాళ్ళ మీద కూలబడడం, బెల్టుకి వేలాడిపోవడం కిందనుంచి చూశాను. ఆ నేపాలీ తన సొంత ప్రాణం సంగతి వదిలేసి, ఆయన్ని భుజాన వేసుకుని నిచ్చెన దిగాడు. ఇప్పటికీ దేవుడి ముందు నిలబడితే ముందు అతని పేరే చెప్పుకుంటాను.

ఆసుపత్రికి చేరేసరికి ఆయనకి స్పృహ లేదు. నర్సు మలయాళీ అమ్మాయి. ముఖం మీద ఆక్సిజన్ పెట్టి, గుండె చూడడానికి కవరాల్ గుండీలు విప్పి, మాల చూసి ఆగింది. "స్వామియా?" అంది నెమ్మదిగా. అవునన్నాను. మాల తెంపకుండా, తలమీదుగా జాగ్రత్తగా తీసి, తన చేతిరుమాలులో చుట్టి నాకిచ్చింది. ఆ మూట జేబులో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆయన పోతే ఆ మాల వాళ్ళింటికి ఎలా తీసుకెళ్ళాలి, ఆయన భార్యకి ఏమని చెప్పాలి, ఇదే ఆలోచన. నాకు ఏడుపొచ్చింది. ఎవరు చూస్తున్నారో చూసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం కళ్ళు తెరిచారు. నన్ను లోపలికి పంపారు. గొంతు బొంగురుపోయి ఉంది. క్షమించమని అడగడానికి నేను మాటలు వెతుక్కుంటుంటే ఆయనే ముందు అందుకున్నారు.

"నాకు దెల్సు స్వామీ, గడ్డంతో పోగూడదని. నువ్వు సేఫ్టీ కదా, నువ్వే టిక్ పెడితివి. సార్‌కి ఏదో దెల్సుంటాదిలే అనుకుంటి."

"నేను మీకు చెప్పలేకపోయానండి. మీరు గురుస్వామి కదా, మీకే తెలుస్తుందనుకున్నాను."

"అడిగింటే గీసుకోనుంటా కదా. బూట్లకి చెప్పినట్టే చెప్పుంటా" అన్నారు. కోపంగా కాదు. అది మరీ కష్టంగా ఉంది నాకు. నేను ఆయన్ని తండ్రి అనుకుని ఊరుకున్నాను, ఆయన నన్ను ఆఫీసరు అనుకుని ఊరుకున్నారు. ఒకరి మీద ఒకరికి ఉన్న గౌరవంతో ఇద్దరం కలిసి ఆయన్ని చంపబోయాం.

వెంటనే విచారణ. ఎవరో ఒకరి గేట్ పాస్ పోవడం ఖాయం. గేట్ పాస్ పోయిన కూలి మనిషికి మా కంపెనీలో వేరే పని లేదు. ఇఖామా ఖలాస్, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి రద్దు, ఇంటికి టికెట్. ఆయన వెనక ఇద్దరు కొడుకుల చదువులున్నాయి, ఊళ్ళో సెంటు పొలం లేదు. నాకైతే ఏదో ఒక ఆఫీసు బల్ల దొరుకుతుంది.

మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆ నల్లబట్టల స్వామే. రాత్రి వంటస్వామి చేతి అన్నం తిని దణ్ణం పెట్టిన మనిషే. చెడ్డవాడు కాదు, నా మంచే కోరాడు. మాస్క్ సరిగ్గా పెట్టుకోలేదన్న తప్పు మేస్త్రీదేనని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుందన్నాడు. టిక్ పెట్టేటప్పటికి ఆయన ముఖానికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడని, గడ్డం కనబడలేదని రాయమన్నాడు. ఇన్నేళ్ళ నీ పేరు పాడుచేసుకోకు అన్నాడు. నేను వింటూ, బయట బానిస బానిసేనన్న ఇటలీ ఆయన భుజాలెగరెయ్యడమే తలుచుకుంటున్నాను.

అసలు చిక్కు అది కాదు. ఆసుపత్రిలో గురుస్వామి కూడా అదే మాట అన్నారు. "నా పేరే రాయి స్వామీ. నీకు పెద్ద ఉద్యోగం. నేను యాడన్నా కూలికి పోతా" అన్నారు. ఆఫీసు, గుడి, రెండూ ఒకటే సలహా చెబుతుంటే ఎదురు చెప్పడానికి మనిషికి ఎక్కడినుంచి బలం వస్తుంది? నాకు జేబులో ఉన్న చేతిరుమాలు మూట నుంచి వచ్చింది. అది ఇంకా ఆయనకి ఇవ్వలేదు. టిక్ పెట్టిన చేతికి ఆ మాల తిరిగి ఇచ్చే అర్హత ఉందో లేదో తేల్చుకోవాలనిపించింది.

విచారణలో ప్లాంట్ వాళ్ళు నలుగురు, మా వాళ్ళు ఇద్దరు. గడ్డం చూశారా అని అడిగారు. చూశానన్నాను. చూసి ఎందుకు పంపారన్నారు. ఆయన దీక్షలో నాకు గురువనీ, కుదరదని చెప్పడానికి నోరు రాలేదనీ, పట్టీ బిగిస్తే సరిపోతుందని నాకు నేను చెప్పుకున్నాననీ చెప్పాను. ఒకాయన రాసుకుంటున్న కలం ఆపి నావైపు చూశాడు. అంత చేతకాని జవాబు ఆయన సర్వీసులో విని ఉండడు. మేనేజర్ తలొంచుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం గదిలో ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా వచ్చి, తలుపు దగ్గర నా పక్కన కూర్చున్నాడు. నాతోపాటు గిన్నెలు తోమాడు.

నా గేట్ పాస్ తీసేసుకున్నారు. మేస్త్రీది ఉంచారు. కంపెనీ నన్ను అమ్‌ఘరాలో ఉన్న పాత సామాన్ల యార్డుకి పంపింది. తుప్పు పైపుల గుట్టల మధ్య ఒక రేకుల షెడ్డు, కొత్తగా వచ్చే కార్మికులకి మాస్క్ పెట్టుకోవడం నేర్పే పని. వెళ్ళేముందు ఆసుపత్రి మంచం దగ్గర మాల ఇచ్చాను. ఆయన కళ్ళకద్దుకుని, నన్నే మెళ్ళో వెయ్యమన్నారు. కన్నెస్వామి గురుస్వామికి మాల వెయ్యడం ఎక్కడా వినలేదన్నాను. "నేనూ విన్లేదు, ఎయ్యి" అన్నారు. వేశాను.

ఆ ఏడాది సెలవు దొరకలేదు. నా నెయ్యి టెంకాయ వేరేవాళ్ళ ఇరుముడిలో కొండకి వెళ్ళింది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. షుఐబా దూరమైంది కనుక రెండో మాల అమ్‌ఘరా గదిలోనే, ఒక పటం ముందు నాకు నేనే వేసుకున్నాను. నేను గడ్డం పెంచుకోవచ్చు, నాకు మాస్క్ పని లేదు కదా. ఒక పొద్దున షెడ్డులో కొత్తవాళ్ళని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాను. గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి ఊపిరి లాగండి, మాస్క్ ముఖానికి అతుక్కుంటే వెళ్ళండి, లేకపోతే పక్కకి రండి. అదే పాట రోజూ. బయట షుఐబా నుంచి పలకల కోసం వచ్చిన లారీ ఆగి ఉంది. వరసలో చివరి మనిషి దగ్గరికొచ్చి తలెత్తాను.

గురుస్వామి. నెల రోజుల గడ్డం. చేతిలో మాస్క్. మొదటి రోజు కూలివాడిలా బుద్ధిగా నిలబడ్డారు.

వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాలని ఒళ్ళంతా లాగింది. చుట్టూ పదిహేనుమంది చూస్తున్నారు. ఆయన మాస్క్ ముఖానికి పెట్టుకోబోతున్నారు. చెయ్యి అడ్డం పెట్టాను.

"కుదరదు మేస్త్రీ. గడ్డం ఉంది. పక్కకి రండి" అన్నాను.

ఆయన మాస్క్ దించి, ఫారం వైపు చూపించి, "రాసుకోండి సార్" అన్నారు. రాసుకుందామని పేరు కోసం జాబితా అంతా వెతికాను. ఆయన పేరు అందులో లేదు. ఆయనకి ఆ రోజు ఏ మాస్క్ పనీ లేదు. పలకలు ఎక్కించుకోవడానికి వచ్చి, వరసలో నిలబడ్డారు.

నేను తలెత్తేసరికి నవ్వుతున్నారు. నీళ్ళు నిండిన కళ్ళతో.

"ఈ మాట నీ నోట్నుంచి విందామనే వస్తిని స్వామీ. సంవత్సరం నుంచి ఎదురు సూస్తాండా" అన్నారు.

తర్వాత కుడిచెయ్యి చాపారు. ఇరవై ఆరేళ్ళలో నాతో చాలామంది పెద్దమనుషులు చేతులు కలిపారు, ప్రశంసాపత్రాలు ఇచ్చినప్పుడూ, వీడ్కోలు చెప్పినప్పుడూ. వాటిలో ఏ ఒక్కటీ ఇప్పుడు నా చేతికి గుర్తు లేదు. పైపులు పట్టి పట్టి కాయలు కాసిన ఆ చెయ్యి మాత్రం, ఇది రాస్తున్న ఈ చేతికి ఇంకా తగులుతూనే ఉంది.